జిలేబికి జీను

ఆళ్లగడ్డ
నవంబరు 9

యేసురత్నం చిన్నాయనకు,

హమీదా సలాం చేసి రాసేది. ఫోను చేస్తే నీకు వినపడదు. నీ కోడలు ఎత్తి "ఆయప్పకు చెప్తాలేమ్మా" అంటుంది, చెప్పిందో లేదో ఆ దేవునికే తెలియాలి. అందుకే పదో తరగతి తర్వాత మొదటిసారి ఉత్తరమనేది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. నలభై కిలోమీటర్ల దూరానికి నేనే రావచ్చు గానీ ఈ మనిషిని, ఆ గుర్రాన్ని ఒక్క పూట కూడా ఒక ఇంట్లో వదిలి రాలేకుండా ఉన్నాను.

మనిషంటే మీ అల్లుడే, మా ఇంటాయన. కోవెలకుంట్ల పెళ్లిలో జిలేబి మీది నుంచి పడి తుంటి ఎముక విరిగి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తాడు. జిలేబి ఎదురుపడితే మాత్రం మొహం తిప్పుకుంటాడు. ఆ గుర్రాన్ని పిల్లప్పటి నుంచి చేతులతో మేపినవాడు, ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా దాని మెడ మీద చెయ్యి వేయలేదు. నిన్న అన్నం దగ్గర కూర్చుని చల్లగా చెప్పాడు. "చాగలమర్రి ఇటుకల బట్టీ ఆయప్పకు మాటిచ్చినా. క్రిస్మస్ అయినాక వచ్చి తోలుకపోతాడు. తోసే గుర్రం మనకేంటికి?"

బట్టీకి పోయిన గుర్రం ఎన్నాళ్లు బతుకుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నేను ఊరుకోలేదు. రుద్రవరం వాళ్లు ఫిబ్రవరి 9న పెళ్లి ఊరేగింపుకు అడిగారు. "ఆ బట్టీ ఆయప్ప వచ్చేలోపల జిలేబి ఊరేగింపుకు తయారైతే ఈన్నే ఉంటాది, కాకపోతే నీ ఇష్టం" అన్నాను. సరే అన్నాడు, ఎట్లా కాదులే అనే ధైర్యంతో.

చిక్కేమంటే జీను లేదు. పడిన రోజే ఆ పాత జీను నా కళ్ల ముందు ఉండకూడదని గోనెసంచిలో చుట్టి నీకు పంపాను గదా. మొన్న అవుకు ఊరి ఆయన దగ్గర ఒకటి అడిగి తెచ్చి వేశాను. రుద్రవరం రోడ్డులో మైలు దూరం నడిపించేసరికి వీపు ఒరుసుకుపోయింది. దీని వెన్ను ఏ జీనుకూ సరిపోదు. జిలేబి అని పేరు పెట్టినందుకు వెన్ను కూడా అట్లనే వంకర తిరిగింది. నువ్వు కొత్తది కుట్టియ్యి.

ఇంకొక మాట. ఆయన పడ్డాక ఊరంతా వచ్చి చూసిపోయింది. నువ్వు రాలేదు. నాకది కడుపులోనే ఉంది. రాస్తే పోతుందని రాశాను.

నీ బిడ్డ,
హమీదా


నంద్యాల
నవంబరు 14

ప్రియమైన హమీదమ్మకు,

ప్రభువు నామమున శుభములు. నీ ఉత్తరము చేరినది. మీ అబ్బా మదార్ సాబ్ జట్కాకు నేను కుట్టిన సామాను మీద కూర్చుని ఆడుకున్న పిల్లవు, ఇంత దూరము ఉత్తరములు రాసే దానివయినావు. సంతోషము.

కొత్త జీను నేను కుట్టను తల్లీ. చేతులు సాగడం లేదు. డెబ్బై రెండు నిండినవి. ఇప్పుడు నా పని మోటారు సైకిళ్ల సీట్లకు రెగ్జిన్ తొడగడమే. అయితే పాత జీనులు వెతికి పెడతాను. నాకు తెలిసిన వారు నలుగురు ఉన్నారు. పాతదైనా మంచి చేతి పని అయితే కొత్తదాని కంటే మేలు.

కొలత కావాలి. ఎంత మీసాలు పెంచినవాడు వేరే మాదిరి చెప్పినా వినవద్దు, ఇట్లా చెయ్యి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న లావు కరెంటు తీగ మూడు ముక్కలు తీసుకో. గుర్రాన్ని నాలుగు కాళ్లూ సమానంగా ఉండేటట్టు నిలబెట్టు. మెడ దిగి వీపు మొదలయ్యే ఎత్తు చోటు ఉంటుంది చూడు, అదే మూపు. మూపుకు బెత్తెడు వెనక మొదటి తీగను వీపు మీద అడ్డంగా వేసి రెండు పక్కలా వేళ్లతో ఒత్తు. అక్కడి నుంచి జానెడు జానెడు వెనక్కు రెండోది, మూడోది. ఏది ఏదో తెలియడానికి ఒక ముడి, రెండు ముడులు, మూడు ముడులు దారంతో కట్టు. వంపు చెడకుండా ఆళ్లగడ్డ బస్సులో పంపు. డిపో దగ్గర నేను తీసుకుంటాను.

అల్లుడిని చూడడానికి రాలేకపోయినాను. ఆ రోజుల్లో ఒంట్లో బాగాలేదు. మన్నించు.

యేసురత్నం


ఆళ్లగడ్డ
నవంబరు 19

చిన్నాయనా,

తీగలు కండక్టరు చేతికిచ్చాను. జాగ్రత్తగా తీసుకుపో అంటే "ఏందమ్మా ఇది, దొంగ కరెంటా?" అన్నాడు. గుర్రం వీపు కొలత అని చెప్తే బస్సంతా నవ్వింది. నవ్వనీలే.

కొలిచేటప్పుడు జిలేబి బాగానే నిలబడింది. నిలబడలేనిది నేనే. మీ అల్లుడు మంచం మీద కూర్చుని "ఇంగ రైక కొలత కూడా తీసుకో" అంటున్నాడు. ఒకప్పుడు ఇంతటి గుర్రం రాయలసీమలో లేదని ఊరూరా చెప్పుకున్న మనిషి. నాకు ఒళ్లు మండింది. "నీకు నడుం విరిగితే దానికి బతుకు విరగాల్నా?" అన్నాను. అన్నాక బాధపడ్డాను. ఆయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాకు కుదురు లేదు చిన్నాయనా. పొయ్యి మీద పాలు పెట్టి కొట్టం దగ్గరకు పోతాను, కొట్టం దగ్గర నిలబడి పాలు గుర్తొచ్చి ఉరుకుతాను. బట్టీ ఆయప్ప లారీ శబ్దం అనుకుని ప్రతి లారీకీ తల ఎత్తుతున్నాను. హైవే పక్క ఇల్లు, లారీలకేం కొదవ.

చేతులు సాగవు అన్నావు. మొన్న రంజాను ముందు మా పిన్నమ్మ కొడుకు ఫయాజ్ నీ దగ్గర సీటు వేయించుకుని వచ్చాడు, చేతులు ఎంత చురుగ్గా ఆడుతున్నాయో మెచ్చుకున్నాడు. మరి జీనుకు మాత్రం ఎందుకు సాగవు? నేను పంపిన పాత జీను ఏమైంది? అమ్మావా, ఉందా? ఉంటే దాన్నే సరిచేసి ఇవ్వొచ్చు గదా.

హమీదా


నంద్యాల
నవంబరు 27

హమీదమ్మా,

ఎనిమిది దినములు తిరిగినాను. మూడు జీనులు చూసినాను. ఒకటి హైదరాబాదు పందేల గుర్రపుది. అరచేయంత ఉంది, దాని మీద పెళ్లికొడుకు కాదు, పిల్లి కూడా కూర్చోలేదు. ఇంకొకటి పీర్ల పండుగకు గుర్రాన్ని అలంకరించేది. పైన అంతా జరీ, అద్దాలు, లోపల పాచిపోయిన గడ్డి. మూడోది పోలీసు గుర్రపు జీను. ముందు ఇనుప కమాను, రెండు పక్కలా పొడుగాటి కట్టెలు. మంచి పనివాడు చేసినది. నీ తీగ వంపుకు దీని కమాను సరిపోయింది. దీనిని పంపుతున్నాను. కింద మందపాటి కంబళి రెండు మడతలు వేసి వాడు.

పాత జీను అమ్ముడుపోలేదు. దాని సంగతి వదిలివేయి.

యేసురత్నం


ఆళ్లగడ్డ
డిసెంబరు 4

చిన్నాయనా,

నీ పోలీసు జీను నీకే తిప్పి పంపుతున్నాను. కోపంగా రాస్తున్నాను, కోపంగానే చదువు.

మొదటి రోజు బాగుందనుకున్నాను. రెండో రోజు ఫయాజును ఎక్కించి చింతకుంట దాకా నడిపించాను. పోయేటప్పుడు మధ్యలో ఉన్న జీను వచ్చేటప్పటికి కుడి పక్కకు జారిపోయి ఉంది. ఎంత బిగించినా అంతే. మూడో రోజుకు మూపు ఎడమ పక్క రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. పసుపు, వేపనూనె పట్టించి కొట్టంలో కట్టేశాను. జీను చూస్తేనే చెవులు వెనక్కు పెడుతోంది.

సరిగ్గా అదే రోజు బట్టీ ఆసామి దిగాడు. ముందుగా చూసిపోదామని వచ్చాడట. దాని నోరు తెరిచి పళ్లు చూశాడు, కాళ్లు తట్టాడు. మీ అల్లుడు కర్ర మీద నిలబడి "పుండు మానినాక ఇంగా మంచి రేటు అడగొచ్చు" అన్నాడు. అదీ మన ఇంటాయన మాట. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఏడ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తీగ వంపుకు సరిపోయింది అని రాశావు. ఏ తీగ వంపుకు? నా గుర్రం వంపుకు సరిపోలేదే. నువ్వు మా అబ్బా జట్కాకు సామాను కుట్టినవాడివి, నీ కొలత తప్పిందంటే నేను నమ్మను. మరి ఏం జరిగింది?

హమీదా


నంద్యాల
డిసెంబరు 9

హమీదమ్మా,

నీ కోపము న్యాయమైనది. తప్పు నాది, గుర్రముది కాదు, నీది కాదు.

నీవు పంపిన మొదటి తీగ ఒక పక్క ఉబ్బి, ఒక పక్క లోతుకు ఉండినది. నేను చూసి, బస్సులో ఎవరో సంచి మీద పెట్టినారు, నలిగినది అనుకున్నాను. అనుకుని, రెండు పక్కలూ సమానంగా నేనే సాపు చేసినాను. వంకరగా ఉన్నది కనపడితే సరిచేయడము యాభై ఏళ్ల అలవాటు. కళ్లెదురుగా ఉన్న నిజాన్ని సుత్తితో కొట్టి చక్కగా చేసినాను. ఆ చక్కదనానికి సరిపోయే జీను నీకు పంపినాను.

ఇప్పుడు నేను చెప్పినది చెయ్యి. గుర్రము వెనక ఎత్తుపీట వేసుకుని, తన్నేంత దగ్గరకు పోకుండా, పైకెక్కి నిలబడు. తోక నుంచి చెవుల దాకా వీపు మీద చూపు పోనివ్వు. రెండు భుజాలలో ఏది లావుగా కనపడుతుందో రాయి. ఎప్పటి నుంచి అట్లా ఉందో కూడా రాయి.

ఇంకొకటి. అల్లుడు పడిన దినమున ఏ పక్కకు పడినాడు? తప్పక రాయి.

యేసురత్నం


ఆళ్లగడ్డ
డిసెంబరు 14

చిన్నాయనా,

పీటెక్కాను. ఎడమ భుజం కుడిదాని కంటే రెండు వేళ్ల మందం ఎక్కువ ఉంది. కుడి పక్క వెనక గుంట పడింది. పదేళ్లుగా రోజూ తోమే గుర్రం, నాకే తెలియలేదు. పక్క నుంచి చూసే కళ్లకు అది కనపడదు, నిజమే.

ఎప్పటి నుంచో కూడా చెప్తాను. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మా మామ దాన్ని నీళ్ల బండికి కట్టాడు, ఇంకొక ముసలి గుర్రంతో జోడీగా. ముసలిది లాగేది కాదు. బరువంతా జిలేబి ఒక భుజం మీదే పడేది. మీ అల్లుడు వాళ్ల నాయనతో తగువు పడి దాన్ని బండి నుంచి విప్పించాడు. ఆ రోజు అన్నం కూడా తినకుండా దాని దగ్గరే కూర్చున్నాడని మా అత్త చెప్పేది. అంత ప్రేమ ఇప్పుడు యాడికి పోయిందో నాకు అర్థం కాదు.

పడింది కుడి పక్కకు. పెళ్లికొడుకు ఇంటి దగ్గరకు ఈయనే ఎక్కి తీసుకుపోతున్నాడు. టపాకాయలు పేలాయి, అది రెండడుగులు పక్కకు జరిగింది, ఈయన జీనుతో సహా కుడి పక్క సిమెంటు రోడ్డు మీద పడ్డాడు. "బెదిరి తోసేసింది" అన్నాడు, ఊరంతా అదే అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

ఏ పక్క పడితే ఏం? ఎందుకు అడిగావు? ఆ ప్రశ్న చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

బొబ్బ మానుతోంది. బట్టీ ఆయప్ప 28న వస్తాడంట.

హమీదా


నంద్యాల
డిసెంబరు 19

హమీదమ్మా,

ఒక జీను ఉన్నది. ముప్పై ఏళ్లుగా మా అటక మీద గుడ్డలో చుట్టి ఉన్నది. దానిని ఎవరికీ చూపలేదు, అమ్మకానికి పెట్టలేదు.

మా తాత మిషను దొరసాని గుర్రాన్ని చూసుకునేవాడు. ఆమె గౌను వేసుకుని, రెండు కాళ్లూ గుర్రానికి ఎడమ పక్కనే వేసుకుని కూర్చుని పల్లెలు తిరిగేదట. పోతూ పోతూ ఆ జీను మా తాతకు ఇచ్చి పోయింది. మాకు గుర్రము లేదు, ఏమి చేసుకుంటాము? పిల్లలము పండుగకు దాని మీద ఎక్కి ఫోటో దిగేవాళ్లము, అంతే.

నీ ఉత్తరము అందిన దినమే దించి గుడ్డ విప్పినాను. దాని లోపలి కట్టె రెండు పక్కలా సమానము కాదు. బరువంతా ఎడమ పక్క పడుతుంది కాబట్టి, జారకుండా ఎడమ కొన జానెడు పొడుగు, వెడల్పు ఎక్కువ. కుడి కొన పొట్టి. వెనక నుంచి అడ్డంగా వచ్చే ఇంకొక పట్టీ కూడా ఉన్నది. కూర్చునే మనిషి కోసము వంకరగా చేసిన జీను. నీ గుర్రానికి వంకర వీపులో ఉన్నది. నీ తీగను ఈసారి నీ మాట ప్రకారము మళ్లీ వంచి కింద పెట్టి చూసినాను. ఎడమ పక్క కూర్చున్నది. కుడి పక్క గుంటకు ఉన్ని దట్టించినాను.

నీవు నవ్వుతావని తెలుసు. పెళ్లికొడుకును దొరసాని మాదిరి కూర్చోబెట్టాల్నా అంటావు. ముందు రెండు కొమ్ములుండేవి, కాలు తగిలించుకోవడానికి. ఒకటి మర తిప్పితే ఊడి వచ్చేసింది. రెండోది కట్టెలోనే ఉంటే రంపము పెట్టి కోసినాను. మా తాత చూస్తే తన్నేవాడు. పైన తోలు మళ్లీ తొడిగినాను. ఇప్పుడు ఎవరైనా రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవచ్చును. పట్టీలన్నీ చీకిపోయి ఉంటే కొత్తవి వేయించినాను. వాటిని కుట్టినది శాంసన్ అనే పనివాడు, నేను కాదు. బాగా కుట్టినాడు. జీనును బస్సులో పంపుతున్నాను.

ఇంకొక మాట రాయవలసినది ఉన్నది. రాయలేకపోవుచున్నాను.

యేసురత్నం


ఆళ్లగడ్డ
డిసెంబరు 22

చిన్నాయనా,

సరిపోయింది! కంబళి మీద పెట్టగానే, మన ఇంటి పీట మీద మనం కూర్చున్నట్టు కూర్చుంది. తంగు, అదే కడుపు కింది పట్టీ, మామూలుగా బిగించినా కదల్లేదు. ఫయాజును ఎక్కించి చింతకుంట దాకా పోయి రమ్మన్నాను. రానూపోనూ ఆరు మైళ్లు. వచ్చాక జీను తీసి చూస్తే చెమట రెండు పక్కలా ఒకే మాదిరి పట్టింది. ఎక్కడా ఒరుపు లేదు. జిలేబి చెవులు ముందుకు పెట్టుకుని నా భుజం నాకింది. నేను దాని మెడ పట్టుకుని చిన్నపిల్ల మాదిరి ఎగిరాను. పక్కింటి రామసుబ్బమ్మ "ఏం హమీదా, లాటరీ తగిలిందా?" అని అడిగింది.

ఇంతవరకూ సంతోషం. ఇక విను.

మీ అల్లుడు వాకిట్లో నిలబడి అంతా చూశాడు. జీను చుట్టూ కర్రతో నడిచాడు. ఆ పట్టీలు రెండుసార్లు వేళ్లతో తడిమాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. "జీను బాగుండాది. అయితే జీను మార్చినంత మాత్రాన గుర్రం బుద్ధి మారతాదా? తోసే గుర్రం తోసేదే. రేపు పెళ్లికొడుకును తోస్తే ఎవరు జవాబు చెప్పాల? బట్టీకే పోతాది" అన్నాడు.

"మాటిస్తివి గదా?" అన్నాను.

"మాట జీనుకు ఇచ్చినా. ప్రాణానికి ఇయ్యలే" అన్నాడు.

నేను ఏం చెప్పాలి? తోసిందని ఊరంతా అంటోంది, తోయలేదని నేను ఎట్లా నిరూపించాలి? దానికి నోరు లేదు. మనుషులు పడితే గుర్రం మీద పెడతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నువ్వు ఇంకొక మాట ఉంది, రాయలేను అన్నావు. ఏ పక్కకు పడ్డాడు అని అడిగావు. పట్టీలు వేరేవాడి చేత కుట్టించావు. పాత జీను సంగతి వదిలేయ్ అన్నావు. నేను తెలివితక్కువదాన్ని కాదు చిన్నాయనా. ఆ మాట ఏదో గుర్రానికి పనికొచ్చేది అయితే, 28 లోపల రాయి. పనికి రానిది అయితే నీ దగ్గరే ఉంచుకో.

హమీదా


నంద్యాల
డిసెంబరు 25

హమీదమ్మకు,

ఉదయము ఆరాధనకు పోయి వచ్చినాను. నాకు పాటలు వినపడవు, పక్కవారి నోళ్లు చూసి పాడతాను. ఈ రోజు పాడలేకపోయినాను. వచ్చి ఈ ఉత్తరము రాయుచున్నాను. నీవు దీనిని అల్లుడికి పైకి చదివి వినిపించు.

ఇర్ఫాన్, జిలేబి నిన్ను తోయలేదు. నా కుట్టు తెగినది.

ఆ జీనును నీకు కుట్టి ఇచ్చినది నేనే. తంగును జీనుకు పట్టి ఉంచే పట్టీలను చేత్తో కుట్టవలెను. ఒకే దారానికి రెండు కొనలా రెండు సూదులు, ప్రతి రంధ్రములో అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. అట్లా కుడితే ఒక చోట తెగినా పక్క కుట్టు పట్టుకుంటుంది. మా నాయన నాకు మొదట నేర్పినది అదే. ఆ ఏడు పెళ్లిళ్ల కాలము, నీవు తొందర చేసినావు, నా కళ్లు మసకగా ఉండినవి. సీట్లు కుట్టే మిషను మీద పెట్టి రెండు నిమిషాలలో లాగించినాను. మిషను కుట్టు ఒక చోట తెగితే వరసంతా ఊడి వస్తుంది. నాకు తెలుసు. తెలిసీ చేసినాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

హమీదమ్మ సంచి పంపినప్పుడు విప్పి చూసినాను. ఎడమ పక్క పట్టీలు రెండూ కుట్టు దగ్గర ఊడి ఉన్నవి. తోలు తెగలేదు, దారము తెగినది. ఎందుకు ఎడమ పక్కనే అనేది మొన్న హమీదమ్మ రాసిన దాకా తెలియలేదు. జీను కుడికి జారినప్పుడల్లా ఎడమ పట్టీలు గుంజుకున్నవి. గుంజీ గుంజీ, ఆ దినము ఊడిపోయినవి. గుర్రము టపాకాయకు రెండడుగులు జరిగినది, ఏ గుర్రమైనా జరుగుతుంది. జీను నిలిచి ఉంటే నీవూ నిలిచి ఉందువు.

ఏడాదిన్నరగా నేను మీ ఇంటికి రాకపోవుటకు కారణము ఒంట్లో బాగాలేక కాదు. నీ కర్ర చూసే ధైర్యము లేక. అందరూ గుర్రమును అంటుంటే నేను నోరు మూసుకుని ఉన్నాను. అది మాట్లాడలేదు, నేను మాట్లాడగలను, అయినా మాట్లాడలేదు.

ఊడిన పట్టీ ఒకటి ఇందులో పెడుతున్నాను. చూడు. బట్టీకి ఎవరినైనా పంపవలసి ఉంటే, అది జిలేబిని కాదు.

యేసురత్నం


ఆళ్లగడ్డ
డిసెంబరు 28

చిన్నాయనా,

చదివి వినిపించాను. మధ్యలో ఆపి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. పట్టీ చేతికిస్తే కుట్టు మీద బొటనవేలు పెట్టి నడిపాడు. నిన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. అంతసేపు తిట్టకుండా ఉండడం ఆయన ఒంట్లోనే లేదు.

తిట్టాల్సింది నేను, తిడుతున్నాను. ఏడాదిన్నర! నా మొగుడు మంచం మీద, నా గుర్రం కొట్టంలో, నేను వాళ్లిద్దరి మధ్య ఉరుకుతూ. నువ్వు నంద్యాలలో కూర్చుని సీట్లు కుట్టుకుంటూ. చేసింది తప్పు, ఎవరైనా చేస్తారు, మిషను మీద పెట్టడం కూడా నేను క్షమిస్తానేమో. దాచిపెట్టి, నోరులేని దాని మీద నింద ఉంచడం మాత్రం నాకు మింగుడుపడటం లేదు. మా అబ్బా బతికి ఉంటే నీతో మాట్లాడేవాడా? నాకు తెలియదు. నేను ఇప్పుడు మాట్లాడలేను. రుద్రవరం పెళ్లికి నువ్వు రావొద్దు.

ఈరోజు పొద్దున బట్టీ ఆయప్ప వచ్చాడు, తాడు కూడా తెచ్చుకున్నాడు. మీ అల్లుడు "ఒగ వారం ఆగప్పా, నేనే చెప్తా" అని పంపించాడు. ఇంకా ఏం ఆలోచిస్తున్నాడో తెలియదు. నిజం తెలిశాక కూడా వారం ఎందుకు? అడిగితే "ఉండు" అంటున్నాడు. జిలేబి తప్పు లేదని తేలింది గదా, ఇంకేం కావాలి ఈయనకు? నా తల పగిలిపోతోంది.

ఇవాళ మొదటిసారి కొట్టం దాకా నడిచాడు. లోపలికి పోలేదు. గుంజ పట్టుకుని బయటే చాలాసేపు నిలబడ్డాడు.

హమీదా


ఆళ్లగడ్డ
జనవరి 2

యేసురత్నం మామకు,

ఇర్ఫాన్ సలాం. నాకు రాసేది రాదు. మాట్లాడినట్లే రాస్తాండా.

నీ జాబు విన్నా. నువ్వు రాసింది నిజమే, అయితే సగమే. ఇంగో సగం నా దగ్గర ఉండాది.

కోవెలకుంట్లలో ఆ పొద్దు జీను కట్టేటప్పుడు ఎడమ పట్టీ కాడ మూడు కుట్లు లేసినట్ల చూసినా. ఏలితో తాకితే దారం పైకొచ్చె. మొదుట వేరే తంగు అడిగొద్దామనుకుంటి. పెళ్లోళ్లు బేగా బేగా అని మీద పడిరి. ఒగ్గంట గదా, ఏమైతాదిలే అనుకొని ఎక్కితి. ఆ కుట్టు చూసి కూడా ఎక్కినోన్ని నేను.

పడినాక అందరూ గుర్రం తోసిందా అనిరి. అవునన్నా. గుర్రపోడు పట్టీ చూసుకోకుండా ఎక్కినాడంటే ఇంగ నన్ను ఎవురు పిలుస్తారు? ఆ మాట ఒగసారి నోట్లోంచి వచ్చినాక వెనక్కి తీసుకునేకి రాలే. దాని మొగం చూస్తే నాకు తెలిసినట్ల, దానికీ తెలుసనిపిస్తాండె. అందుకే బట్టీకి పంపాలని తొందర పెట్టినా. అది కంటి ముందర లేకుంటే మర్సిపోదామని. నీకు నా కర్ర చూసే ధైర్యం లేకపాయె, నాకు దాని కండ్లు చూసే ధైర్యం లేకపాయె. ఇద్దరం ఒగటే మామా.

నిన్న కొట్టంలోకి పోయినా. తల నా కడుపుకు ఆనించి నిలబడె. ఏడ్చినా.

జిలేబి యాడికీ పోదు. చాగలమర్రి ఆయప్పకు ఫోన్ చేసి చెప్పినా.

హమీదా నిన్ను పెళ్లికి రావద్దని రాసిందంట. నువ్వు రా. శాంసన్ కుట్టు మంచిదే, అయినా నువ్వు వచ్చి దాన్ని ఇప్పి, నీ చేత్తో, రెండు సూదుల్తో మళ్లా కుట్టు. నేను పక్కన కూసోని ఒగొక కుట్టూ చూస్తా. ఇద్దరిలో ఎవురికి అనుమానం వచ్చినా పెళ్లికొడుకును నడిపిద్దాం.

ఈ సంగతి హమీదాకు నోటితో చెప్పేకి రెండు దినాల నుంచి చూస్తాండా, చాతగావడం లే. నేను పోస్టాఫీసు దాకా నడ్సలేను. ఈ జాబు ఆమె చేతికే ఇస్తాండా, పోయి ఏసి రమ్మని.

కవరు అంటించలే.

ఇర్ఫాన్